ముక్కలు పడేయడమూ ఆటే

రమ్మీలో చెత్త చేయి మనిషిని ముంచదు. చూడగానే డ్రాప్ అని 20 పాయింట్లతో బయటపడతాడు. ముంచేదల్లా అటూఇటూ కాని చేయే. ఒక జోకరు, ఇస్పేటు రాజు-రాణి, ఆఠీను ఐదు-ఆరు. జోకరు కలవని వరుస మాత్రం ఒక్కటీ లేదు. ‘ఇంకొక్క ముక్క పడితే చాలు’ అనిపిస్తుంది.

పండగకో పెళ్లికో బళ్లారి వైపు మన ఇళ్లలో పేక పరిచినా ఇదే తంతు. ముక్క ఎత్తాక మానుకుంటే 40. ఈలోపు అవతలివాడు షో కొట్టాడా, అసలు వరుస లేనివాడికి ముక్కలన్నీ లెక్కే, 80 దాకా. పాయింటు పది రూపాయలైతే 200తో పోయేది 800 అవుతుంది. అది ఇంటి సరుకుల డబ్బు.

సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనంది. ఆ మాట చెప్పుకొని మురుస్తాం. మరి ఏ ముక్క ఉంచాలో, ఏది వదలాలో తెలియడం నేర్పయితే, చేయినే వదలడం కాదా? ఇద్దరి ఆటలో ఆశ పడొచ్చు. ఆరుగురు కూర్చున్నచోట ఎవరో ఒకరికి త్వరగానే కలుస్తుంది. అక్కడ పిరికివాడంటారేమోనని చూడకండి. ఇరవై ఇచ్చేసి, టీ తాగి రండి!