సముద్రం దాటే మూగజీవికి వైద్యం ఏదీ?

రేబిస్ లేని నేల మన దేశంలో రెండే చోట్ల ఉంది. ఒకటి లక్షద్వీప్, రెండోది అండమాన్ నికోబార్. పిచ్చికుక్క కాటు జబ్బు దేశమంతటా ఉందని చెప్పే ప్రభుత్వ పత్రాలు ఈ రెండింటినీ మాత్రం మినహాయిస్తాయి. లక్షద్వీప్‌కు కుక్కను తీసుకెళ్లడానికే అనుమతి లేదు. అండమాన్ సంగతి వేరు. అక్కడికి బదిలీ మీద వెళ్లేవాళ్లు, వ్యాపారానికి వెళ్లేవాళ్లు తమ కుక్కల్నీ పిల్లుల్నీ వెంట తీసుకెళ్తూనే ఉన్నారు. మేమూ అలాగే మా కుక్క బంగారిని తీసుకెళ్లాం.

మాది సోంపేట దగ్గర పల్లె. మా ఆయన ఉద్యోగరీత్యా పోర్ట్‌బ్లెయిర్‌కు దూరంగా ఉన్న ఓ చిన్న దీవిలో కొన్నేళ్లు కాపురమున్నాం. పోర్ట్‌బ్లెయిర్‌ను 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. ఆ దీవుల్లో తెలుగువాళ్లం పరాయివాళ్లం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. అందుకే ఇది మన ఇంటి విషయం కూడా అనుకుని రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దీవిలో పెంపుడు జంతువుకు చేసే వైద్యం డబ్బున్నవాళ్ల ముచ్చట కాదు. అది ఆ దీవిలో ఉన్న మనుషులందరి ఆరోగ్యానికి కాపలా. ఆ కాపలా ఇవాళ చాలా పలచగా ఉంది.

ముందు రేబిస్ సంగతే చూద్దాం. ఇండోనేషియాలో ఫ్లోరెస్ అనే దీవి ఉంది. 1997 దాకా అక్కడ రేబిస్ లేదు. ఆ ఏడాది బుటన్ దీవి నుంచి చేపల పడవలో వచ్చిన మూడు కుక్కలతో లారంటుకా రేవులో జబ్బు దిగింది. అక్కణ్నుంచి దీవంతా పాకింది. లక్షల కుక్కల్ని చంపారు. అయినా జబ్బు పోలేదు. అదే దేశంలో బాలి దీవి 2008 దాకా రేబిస్ ఎరగదు. అక్కడికీ అది బయటి నుంచి వచ్చిన కుక్కతోనే చేరిందని నిపుణుల అభిప్రాయం. రెండు దీవుల్లోనూ వంద మందికి పైగా మనుషులు చనిపోయారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం. రాకముందే ఆపాలి. ఇంకో దారి లేదు.

కుక్క ఒంట్లో ఈ జబ్బు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పైకి కనిపించకుండా ఉంటుంది. అందుకే ప్రయాణం ముందు డాక్టరు గారు చూసి ‘ఆరోగ్యంగా ఉంది’ అని రాసిచ్చే కాగితం ఒక్కటే చాలదు. టీకా వేయించాక రక్షణ రావడానికి మూడు వారాలైనా పడుతుంది. రక్తంలో ఆ రక్షణ ఎంత ఉందో కొలిచే పరీక్ష కూడా ఉంది. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉంటే సరిపోతుందని ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత. బెంగళూరులోని పశువైద్య కళాశాల రేబిస్ ప్రయోగశాలకు అంతర్జాతీయ గుర్తింపు ఉంది. రేబిస్ లేని దీవిలోకి వచ్చే ప్రతి కుక్కకూ, పిల్లికీ మెడ దగ్గర చర్మం కింద మైక్రోచిప్, కనీసం నెల ముందు వేసిన టీకా, వీలైన చోట ఈ రక్తపరీక్ష తప్పనిసరి చేయాలి. వీధిలో దొరికిన కుక్కపిల్లను జాలితో సంచిలో పెట్టుకుని ఓడ ఎక్కేవాళ్లకు కూడా ఇదే నియమం వర్తించాలి.

రెండో సంగతి వానతో వచ్చే జబ్బులు. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి వెళ్లగానే ఈశాన్యం వస్తుంది. మే నుంచి డిసెంబరు దాకా నేల ఆరదు. 1980ల చివర్లో ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై జనం చనిపోయేవారు. అదేమిటో తెలియక ‘అండమాన్ హెమరేజిక్ ఫీవర్’ అన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని 1993లో తేలింది. పోర్ట్‌బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ కేంద్రం ఆ జబ్బు పరిశోధనలో ఇవాళ దేశానికే పెద్ద దిక్కు. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంతో ఆ సూక్ష్మజీవి నీటిలో, బురదలో చేరుతుంది. కాలి పగుళ్ల గుండా మనిషి ఒంట్లోకి వెళ్తుంది. పెరట్లో తిరిగే కుక్కకు లెప్టో టీకా వేయిస్తే ఆ పెరట్లో వట్టికాళ్లతో ఆడే పిల్లలకూ కొంత రక్షణే. ఆ టీకా మొదట రెండు మోతాదులు, తర్వాత ఏటా ఒకటి వేయించాలి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి చిన్న ఓడలో, కరెంటు పోయే ఊరికి, ఐస్ డబ్బాలో అది రావాలి. మేమున్న చోట ఆ టీకా దొరికిన రోజులకంటే దొరకని రోజులే ఎక్కువ.

వానతో పాటు పిడుదులు వస్తాయి. మా బంగారి నాటు కుక్క, మొండిది. ఓ వానాకాలం అన్నం ముట్టలేదు. ఒళ్లు కాలిపోయింది, చిగుళ్లు తెల్లబడ్డాయి, ముక్కులోంచి రక్తం కారింది. పిడుదు జ్వరం అని దీవిలోని పశువుల డాక్టరు గారికి అనుమానం. నిర్ధారించుకోవాలంటే చెవి అంచు నుంచి రక్తపు చుక్క తీసి, గాజుపలక మీద రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆయన దగ్గర సూక్ష్మదర్శిని లేదు. విశాఖలో మాకు తెలిసిన డాక్టరమ్మకు ఫోన్ చేసి, బంగారి చిగుళ్ల ఫొటోలు పంపాం. ఆమె, మా డాక్టరు గారు మాట్లాడుకుని డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. అది మనుషుల మందుల షాపులో దొరికింది. నాలుగు వారాలు వేశాం. బంగారి లేచి తిరిగింది. ఫోన్‌లో ఒక డాక్టరు, పక్కన ఒక డాక్టరు ఉంటే దీవిలో ఎంత మేలు జరుగుతుందో ఆ రోజు కళ్లారా చూశాను.

పక్కింటి బెంగాలీ అమ్మాయి పెంచిన మగపిల్లి బతకలేదు. దానికి మూత్రం బిగుసుకుపోయింది. మగపిల్లుల్లో ఇది తరచుగా వచ్చే బాధే. సన్నటి గొట్టం వేసి మూత్రం తీసేస్తే చాలావరకు బతుకుతాయి. తీయకపోతే రెండు మూడు రోజుల్లో ఒళ్లంతా విషమైపోతుంది. డాక్టరు గారు సూదితో కొంత తీసి ఊపిరి పోశారు. పిల్లికి సరిపడే గొట్టం ఆసుపత్రిలో లేదు. సముద్రం బాగాలేక ఓడ రద్దయింది. ‘మేడమ్, నాకు మేకల మందులొస్తాయి, కోళ్ల టీకాలొస్తాయి. పిల్లికీ కుక్కకీ కావాల్సినవి నేను రాసి పంపే జాబితాలోనే ఉండిపోతాయి’ అన్నారాయన. ఆ గొట్టం ఖరీదు కొన్ని వందల రూపాయలు. ఆ ఊరి పేరు రాయడం లేదు. తప్పు ఆ డాక్టరు గారిది కాదు కాబట్టి, అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి.

ఇప్పుడు లెక్క దగ్గరికి వస్తాను. మన రెండు రాష్ట్రాల్లో 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుందని రైతులందరికీ తెలుసు. కేంద్రం దేశమంతటా ఇచ్చే ఈ సంచార పశువైద్య బండ్లలో ఒక డాక్టరు, ఒక సహాయకుడు, ఒక డ్రైవరు ఉంటారు. వాటి కేటాయింపుకు కొలమానం లక్ష పశువులకు ఒక బండి. గోదావరి జిల్లాలకు, పాలమూరుకు ఈ లెక్క సరిపోవచ్చు. అండమాన్ నికోబార్ ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా సాగిన దీవుల వరస. మొత్తం జనాభా 2011లో 3.8 లక్షలు. పశువులూ తక్కువే. తలల లెక్కన ఆ దీవులకు దక్కేది అతి కొద్ది. దక్కిన బండి కూడా జెట్టీ దగ్గర ఆగిపోవాల్సిందే, సముద్రం మీద నడవదు కదా. దీవుల్లో పశువైద్యానికి కొలమానం పశువుల సంఖ్య కాకూడదు. ఆ దీవి నుంచి పెద్దాసుపత్రికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుందన్నదే కొలమానం కావాలి.

ఆ కొలమానం ఒప్పుకుంటే చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. జనం ఉన్న ప్రతి దీవిలోని పశువుల ఆసుపత్రికి ఒక సూక్ష్మదర్శిని, రంగు సీసాలు, కుక్కలకు పిల్లులకు సరిపడే గొట్టాలు, సెలైన్, సౌరశక్తితో నడిచే టీకాల ఫ్రిజ్ ఇవ్వాలి. పరికరాలున్న వైద్య బృందం నెలకోసారైనా ఓడలో వచ్చి వెళ్లాలి. వచ్చినప్పుడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు, పళ్ల చికిత్స ఒకేసారి చేయాలి. ఇక ఫోన్ సలహా. తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి విజయనగరం జిల్లా గరివిడిలో కళాశాల ఉంది. ఉత్తరాంధ్ర బిడ్డలు నిండిన ఆ దీవుల డాక్టర్లకు రోజూ ఒక గంట వీడియోలో సలహా ఇచ్చే బాధ్యతను ఆ కళాశాల తీసుకుంటే తెలుగు గడ్డకు అది గౌరవం. దీవిలో ఒంటరిగా పనిచేసే యువ డాక్టరుకు అంతకు మించిన ధైర్యం ఉండదు.

ప్రభుత్వం చేయాల్సింది ఇది. వెళ్లేవాళ్లం చేయాల్సింది కూడా ఉంది. బదిలీ ఉత్తర్వు రాగానే సామాన్లు సర్దడం కంటే ముందు కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రేబిస్, పార్వో, డిస్టెంపర్, లెప్టో టీకాలు పూర్తి చేయించండి. రక్తపరీక్ష, అవసరమైతే పళ్ల వైద్యం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఇక్కడే అయిపోవాలి. పిడుదుల మందు ఒక వానాకాలానికి సరిపడా కొనుక్కోండి. జబ్బుల చరిత్రంతా ఒక పుస్తకంలో రాయించుకోండి. ఫోన్‌లో సలహా ఇస్తానని మాట ఇచ్చిన డాక్టరు ఒకరిని చూసుకోండి. విమానంలో పంపేటట్లయితే అది లేచి నిలబడి, వెనక్కి తిరిగి, పడుకోగలిగేంత పెట్టె కొని, ప్రయాణానికి వారాల ముందు నుంచే అందులో పడుకోవడం అలవాటు చేయండి. మత్తుమందు ఇచ్చి ఎక్కించవద్దు. ఎత్తులో అది ఊపిరికి, గుండెకు ప్రమాదం. మొహం చప్పిడిగా ఉండే పగ్ లాంటి జాతులకు విమాన ప్రయాణమే గండం. దీవుల వేడిని, ఉక్కను అవి తట్టుకోలేవు కూడా. ముసలి కుక్క, గుండె జబ్బున్న కుక్క అయితే ఇక్కడే నమ్మకమైన బంధువుల ఇంట్లో ఉంచడమే దానికి మేలు. దీవికి చేరాక వాగుల ఒడ్డున, మడ అడవుల దగ్గర గొలుసు లేకుండా వదలకండి. ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. జెర్రులు అక్కడ అరచేయంత పొడవు పెరుగుతాయి, కుక్క మూతి మీద కుడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది తిరుగు ప్రయాణం. బదిలీ మీద వచ్చేటప్పుడు కుక్కను జెట్టీ దగ్గర వదిలేసి ఓడ ఎక్కినవాళ్లను చూశాను. రోజుల తరబడి ఆ కుక్కలు ప్రతి ఓడకూ ఎదురెళ్తాయి. ఆ తర్వాత గుంపుల్లో కలిసిపోతాయి. కుక్క అండమాన్ దీవుల సొంత జంతువు కాదు. 1858లో ఆంగ్లేయులు ఖైదీల స్థావరం పెట్టినప్పుడు వాళ్లతో వచ్చింది. తీరాల్లో సముద్రపు తాబేళ్లు ఇసుకలో పెట్టిన గుడ్లను ఇవాళ కుక్కల గుంపులు తవ్వి తినేస్తున్నాయి. మనం వదిలేసిన జంతువు ఆకలికి ఆ దీవి తరాల సంపద బలవుతోంది. తీసుకెళ్లినవాళ్లు తిరిగి తీసుకురావాలి. తీసుకురాలేనివాళ్లు అక్కడ పెంచేవాళ్లను వెతికి అప్పగించాలి. చిప్ తప్పనిసరి చేస్తే వదిలేసినవాళ్లెవరో తెలుస్తుంది, జరిమానా వేయవచ్చు.

రేబిస్ లేని నేల అన్న పేరు ఒక్క కుక్కతో పోతుంది. పోయాక తిరిగి తెచ్చుకోవడానికి దశాబ్దాలు పడుతుందని ఫ్లోరెస్, బాలి చెబుతున్నాయి. అండమాన్ పరిపాలన యంత్రాంగం రేవుల్లో, విమానాశ్రయంలో టీకా, చిప్ తనిఖీని కట్టుదిట్టం చేయాలి. కేంద్ర పశుసంవర్ధక శాఖ దీవులకు వేరే కొలమానం ప్రకటించాలి. ఈ ఏడాది అటు వెళ్లబోతున్న తెలుగు కుటుంబాలకు నా మనవి ఇదే: మీ కుక్కకు టికెట్ కొనేముందు టీకా వేయించండి, తిరుగు టికెట్ కూడా దానికి కొంటామని ఇంటిల్లిపాదీ మాట ఇచ్చుకోండి. ఆ మాట ఇవ్వలేకపోతే దాన్ని తీసుకెళ్లకండి.