గెంతటానికి కాదు, నిలవటానికి

జనగామ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరంతో ఈ వారం మొదలుపెడతాను. అమెరికాలో వున్న తమ్ముడు అమ్మకోసం ఒక వస్తువు కొని పంపించాడట. గుండ్రటి ఇనుప చట్రం, చుట్టూ స్ప్రింగులు, మధ్యన బిగించి కట్టిన గుడ్డ, కింద పొట్టి కాళ్ళు, ముందు పట్టుకోవటానికి ఒక కమ్మీ. పేరు మినీ ట్రాంపొలిన్. అమ్మగారికి 66 ఏళ్ళు. “రోజూ దానిమీద గెంతమ్మా, వొళ్ళు తేలికపడుతుంది” అని కొడుకు ఫోనులో చెప్పాడు. ఆవిడ శుభ్రంగా దానిమీద వడియాలు పెట్టారు. “అమ్మ చేసిందే మంచిదా, తమ్ముడు చెప్పింది నిజమా?” అని ఈ సోదరి ప్రశ్న.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం వుందమ్మా.

ఈ ట్రాంపొలిన్‌ను 1930ల్లో అమెరికాలో జార్జి నిసెన్ అనే కుర్రవాడు తయారుచేశాడు. అతను జిమ్నాస్టు. పిల్లిమొగ్గలు వేసేవాళ్ళ సాధనకోసం పుట్టిన వస్తువు అది. ఇళ్ళలో వాడే చిన్నరకం ఆ తర్వాత వచ్చింది. 1980లో అమెరికా అంతరిక్ష సంస్థ శాస్త్రవేత్తలు పరుగునూ, ట్రాంపొలిన్ మీద గెంతటాన్నీ పోల్చి చూశారు. గెంతేటప్పుడు చీలమండకు తగిలే అదురు తక్కువని తేలింది. ఈ వస్తువును మెచ్చుకునేవారంతా ఆ పరీక్షనే చెబుతారు. కాని అందులో గెంతినవారు ఎనిమిదిమంది పడుచువాళ్ళు! అరవై దాటిన అమ్మగారికి ఆ లెక్క ఎలా సరిపోతుంది?

పెద్దవాళ్ళకు పనికివచ్చే సంగతి మరొకటి వుంది. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో వృద్ధులచేత 14 వారాలపాటు మినీ ట్రాంపొలిన్ మీద సాధన చేయించారు. ముందుకు తూలినప్పుడు తమాయించుకునే శక్తి వారిలో పెరిగింది. కారణం తేలికే. కింద గుడ్డ మెత్తగా దిగుతూ వుంటే పాదం, చీలమండ, పిక్క క్షణక్షణం సర్దుకోవాలి. వయసుతో మందగించేది ఆ సర్దుబాటే. అరవై దాటాక మనకు కావలసింది ఎత్తుకు ఎగరటం కాదు, పడకుండా నిలబడటం.

ఇంట్లో పెద్దవాళ్ళు ఒకసారి పడితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. తుంటి ఎముక విరిగితే మంచమే గతి కావచ్చు. విరగకపోయినా భయం పట్టుకుంటుంది. భయంతో కూర్చుంటారు, కూర్చున్నకొద్దీ కాళ్ళు బలం తగ్గుతాయి, బలం తగ్గిన కాళ్ళు మళ్ళీ పడేస్తాయి. “నువ్వు కదలకమ్మా, మేం చేస్తాంగా” అనటం ప్రేమే కాని, మేలు కాదు.

అమ్మగారిని ముందు నేలమీదే పరీక్షించండి. గోడ పక్కన నిలబడి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు ఆనేట్టు పెట్టి, పట్టుకోకుండా పది సెకండ్లు నిలవగలగాలి. నిలవలేకపోతే ట్రాంపొలిన్ జోలికి వెళ్ళవద్దు. నిలవగలిగితే డాక్టరును ఒకమాట అడిగి మొదలుపెట్టండి.

దాన్ని గోడవారగా, జారని నేలమీద వుంచండి. పైన ఫ్యాను తిరగకూడదు. చీర కుచ్చిళ్ళు కాలికింద పడకుండా ఎత్తి దోపుకోవాలి. పాదాలు తడిగా వుండకూడదు. ఇంట్లో మరో మనిషి వుండాలి. మొదటివారం కమ్మీ పట్టుకుని ఎక్కి, ఒక నిమిషం నిలబడి దిగటమే. రెండోవారం వేళ్ళు ఆనించే వుంచి మడమలు లేపటం. ఆ తర్వాత నిలబడ్డచోటే నడక. రెండు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పదికి పెంచవచ్చు. రెండు పాదాలూ ఒక్కసారి గాలిలోకి లేవకూడదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తొందర పనికిరాదు. దిగాక కాసేపు కమ్మీ వదలవద్దు.

మహబూబాబాద్ నుంచి 61 ఏళ్ళ సోదరి అడుగుతున్నారు: “మోకాళ్ళ నొప్పులు వున్నాయి. దగ్గినా తుమ్మినా బట్ట తడుస్తుంది. నేనూ కొనుక్కోవచ్చునా?” కొనవద్దండీ. మోకాలు వాచి వున్నప్పుడు వూగే గుడ్డ మీద నిలవటం మంచిది కాదు. రెండో బాధ గెంతితే ఎక్కువవుతుంది. అది సిగ్గుపడి దాచుకోవలసింది కాదు. కటి కండరాలను బిగించి వదిలే అభ్యాసంతో చాలామందికి తగ్గుతుంది. లేడీ డాక్టరును అడిగి నేర్చుకోండి.

భూపాలపల్లి నుంచి ఒక కోడలు రాశారు. మామగారు బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యారు. చక్కెర జబ్బువల్ల అరికాళ్ళు తిమ్మిరి, లేవగానే కళ్ళు తిరగటం. అయినా మనవడి ట్రాంపొలిన్ మీదికి ఎక్కుతానంటున్నారు. అమ్మా, ఎక్కనివ్వకండి. స్పర్శ లేని పాదానికి గుడ్డ ఎటు దిగిందో తెలియదు. ఎముకలు గుల్లబారినవారికీ, ఈమధ్య ఆపరేషను అయినవారికీ ఇదే మాట. కళ్ళు తిరగటం గురించి డాక్టరుకు తప్పక చెప్పండి; మందుల మోతాదు మార్చవలసి రావచ్చు. ఆయన ఒప్పుకున్నాక, గోడకు ఆనించిన బరువైన కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవటం, కుర్చీ పట్టుకుని మడమలు లేపటం చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 65 దాటినవారు వారానికి కనీసం మూడురోజులు ఒంటి నిలకడకూ, బలానికీ అభ్యాసం చెయ్యాలని 2020లో చెప్పింది.

మన ఓరుగల్లు వైపు ఆడవాళ్ళకు ఇది కొత్తవిద్య కాదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ చుట్టూ వంగుతూ, చప్పట్లు కొడుతూ, అడుగు మార్చుకుంటూ తిరుగుతాం. నిలకడకు అంతకంటె చక్కని అభ్యాసం ఏముంది? తొమ్మిదిరోజులతో ఆపేస్తాం, అదే లోటు.

ఇక జనగామ సోదరికి: వడియాలు దించి మంచంమీద ఎండబెట్టండి. అమ్మగారు మొదటిసారి ఎక్కేటప్పుడు మీరు పక్కన నిలబడండి.