మాస్టారి ముచ్చట: బంగారం ఎక్కడున్నది?

పిల్లలూ!

మహారాష్ట్ర దాటి వచ్చిన గోదావరి తెలంగాణ నేలమీద మొదట కాలు పెట్టేది మా కందకుర్తి దగ్గరనే. ఇక్కడ గోదావరితో మంజీర, హరిద్ర కలుస్తాయి. హరిద్ర అంటే పసుపు అని అర్థం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. చివర దీనితో పని పడుతుంది.

మొన్న సెలవులకు నా మనుమరాలు వచ్చింది. ఆరవ తరగతి పిల్ల. ఒకనాటి మధ్యాహ్నం, బయట ఎండ నిప్పులు చెరుగుతూ వుంటే, లోపల కూర్చుని మేమిద్దరం "పోకహాంటస్" అనే బొమ్మల సినిమా చూశాము. అమెరికాలోని డిస్నీ వారు 1995 లో తీసినది. బొమ్మల సినిమా కిటుకు మీకు తెలుసు గదా! సెకనుకు 24 చొప్పున బొమ్మలు కంటిముందు జారిపోతూ వుంటే, కన్ను వాటిని విడివిడిగా చూడలేక, బొమ్మలే నడుస్తున్నవని భ్రమపడుతుంది.

ఆ కథలో రాట్‌క్లిఫ్ అని ఒక గవర్నరు వున్నాడు. పొట్ట ముందు, తాను వెనుక. వూదారంగు బట్టలు, జడలకు రిబ్బన్లు, టోపీకి ఈక, వెంట ఒక ముద్దుకుక్క. 1607 లో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చి వర్జీనియా తీరాన దిగగానే, ఆ నేల తమ రాజుగారిదని జెండా పాతుతాడు. చెట్లు కొట్టించి, బంగారం కోసం ఎక్కడపడితే అక్కడ గోతులు తవ్విస్తాడు. తాను మాత్రం పార ముట్టడు!

ఆ ఓడలోనే వచ్చిన జాన్ స్మిత్ అనే నావికుడు, బంగారమంటే పచ్చగా వుంటుందనీ, నేలలోంచి వస్తుందనీ పోకహాంటస్‌కు చెబుతాడు. ఆమె అక్కడి వారి పిల్ల. అది మా దగ్గర కావలసినంత వున్నదని చెప్పి, ఒక మక్క కంకి తీసి అతని చేతిలో పెడుతుంది.

"తాతా, ఈ గవర్నరు వట్టి వెర్రివాడు! కంకి వదిలిపెట్టి మన్ను తవ్వుతున్నాడు" అని నవ్వింది నా మనుమరాలు.

చివరకు అతని మనుషులే అతన్ని సంకెళ్ళు వేసి ఓడ ఎక్కించారు. పిల్ల చప్పట్లు కొట్టింది. తరువాత కాసేపు ఆలోచించి, ఒకటి తరువాత ఒకటిగా మూడు ప్రశ్నలు వేసింది. ఇదంతా నిజంగా జరిగిందా? మన దేశానికి కూడా ఇలాంటివాడు వచ్చాడా? వచ్చిన తెల్లవాళ్ళంతా ఇలాంటివాళ్ళేనా?

మంచి ప్రశ్నలు. వరుసగా జవాబు చెప్పుకుందాము.

రాట్‌క్లిఫ్ అనే మనిషి నిజంగానే వున్నాడు. అయితే అతన్ని పంపినది రాజు ఒక్కడే కాదు, వర్జీనియా కంపెనీ. లండన్‌లో ఎందరో డబ్బు పోగుచేసి, లాభం వస్తే పంచుకుందామని పెట్టుకున్న వ్యాపారసంఘం అది. నూరు మందికి పైగా మనుషులు మూడు ఓడలలో వెళ్ళి 1607 లో జేమ్స్‌టౌన్ అనే వూరు కట్టారు. అక్కడ బంగారం లేదు. 1608 లో తళతళ మెరిసే మన్ను ఒక ఓడనిండా ఎత్తి ఇంగ్లండుకు పంపారు. పరీక్షించి చూస్తే అది ఎందుకూ కొరగాని మన్ను!

నిజంగా బంగారమంటి వస్తువు అక్కడ మక్కలే. దాదాపు 9,000 యేళ్ళ క్రితం మెక్సికో దేశపు రైతులు ఒక అడవి గడ్డిని తరతరాలుగా ఏరి, విత్తి, మక్క కంకిగా మలచారు. కొలంబసు 1492 లో ఆ ఖండం చేరిన తరువాతనే అది మిగతా ప్రపంచానికి వచ్చింది. ఇవాళ మన నిజామాబాదు జిల్లాలో కంకులు నిప్పులమీద కాల్చుకుని తింటున్నామంటే, అది ఆ రైతులు పెట్టిన భిక్షే.

జేమ్స్‌టౌన్ వారికి తిండి చాలలేదు. అక్కడి ముసలి చెట్ల కాండాలలోని వలయాలను పరిశీలించి, 1606 నుంచి 1612 దాకా ఆ ప్రాంతంలో ఘోరమైన అనావృష్టి వున్నదని శాస్త్రజ్ఞులు 1998 లో తేల్చారు. ఇరుగుపొరుగు తెగలకే గింజలు కరువైనాయి. ఇంగ్లీషువారు వాటినే బెదిరించి తీసుకోసాగారు. స్నేహం చెడింది. 1609 చలికాలంలో నిజమైన రాట్‌క్లిఫ్, మక్కల బేరానికని వెళ్ళి, అక్కడి వారి చేతుల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు. సినిమాలో అతను సంకెళ్ళతో తిరిగిపోయాడు. నిజంలో మక్కల కోసం పోయి, తిరిగి రానేలేదు. వసంతం వచ్చేసరికి జేమ్స్‌టౌన్‌లో మిగిలినవారు సుమారు 60 మంది!

ఇక రెండవ ప్రశ్న. మన దగ్గరకు వచ్చారా? జేమ్స్‌టౌన్ కట్టిన నాలుగేళ్ళకే, 1611 లో, మరొక ఇంగ్లీషు కంపెనీ మన మచిలీపట్నంలో దిగింది. అదే ఈస్టిండియా కంపెనీ. ఆ కంపెనీ కొలువులో థామస్ పిట్ అనే ఆయన 1698 నుంచి 1709 దాకా మద్రాసు కోటకు గవర్నరుగా వున్నాడు.

ఆ రోజులలో కృష్ణానది ఒడ్డున, ఇప్పటి పల్నాడు ప్రాంతంలో, కొల్లూరు వజ్రాల గని లోకప్రసిద్ధం. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఆ గని చూసిన తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు, అక్కడ 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు. ఆడవాళ్ళు, పిల్లలు మన్ను మోస్తారు. పిల్లలని చెప్పాను, విన్నారా? మీ యీడువారే!

ఆ గనిలో 410 క్యారెట్ల రాయి ఒకటి దొరికింది. క్యారెట్టు అంటే గ్రాములో అయిదవ వంతు. లెక్క మీరే కట్టండి! ఒక బానిస దాన్ని తన కాలి గాయంలో దాచి తెచ్చాడనీ, ఒక ఓడ కప్తాను సగం వాటాకు ఆశపెట్టి, రాయి చేజిక్కించుకుని, అతన్ని సముద్రంలోకి తోశాడనీ ఒక కథ వున్నది. ఇది కథే. పిట్ మాత్రం ఆ రాయిని జామ్‌చంద్ అనే వర్తకుడి దగ్గర కొన్నాడు. వర్తకుడు 2,00,000 వరహాలు అడిగితే, బేరమాడి బేరమాడి 48,000 వరహాలకు దించాడు. ఇంగ్లండులో సాన పట్టించడానికే రెండేళ్ళు పట్టింది. 140 క్యారెట్ల వజ్రం తేలింది. 1717 లో దాన్ని ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌనులకు అమ్మాడు. కొన్న ధరకు ఆరు రెట్లకు పైన!

"ఆయనకు కూడా సంకెళ్ళు వేశారా, తాతా?" అని అడిగింది పిల్ల.

వేయలేదమ్మా. ఆయన పెద్ద జమీలు కొన్నాడు. పార్లమెంటులో కూర్చున్నాడు. ఆయన మనుమడు ఇంగ్లండుకు ప్రధానమంత్రి అయినాడు. మునిమనుమడు కూడా అయినాడు. వజ్రం ఫ్రాన్సు రాజుల కిరీటమెక్కి, నెపోలియన్ కత్తిపిడి ఎక్కి, ఇవాళ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సొత్తుగా వున్నది. కొల్లూరు వూరు పులిచింతల ప్రాజెక్టు నీటిలో మునిగిపోయింది. కొన్నవాడి పేరు తెలుసు, అమ్మినవాడి పేరు తెలుసు, ధర తెలుసు. తవ్వినవాడి పేరు మాత్రం ఏ చిట్టాలోనూ లేదు.

సినిమాకూ చరిత్రకూ తేడా ఇక్కడ చూడండి. సినిమాలో లోభానికి ఒక వేషం వుంటుంది. వూదారంగు కోటు చూడగానే దొంగ ఎవరో తెలిసిపోతుంది. 1999 నాటి "టార్జాన్" బొమ్మల సినిమాలో క్లేటన్ అనేవాడు గొరిల్లాలను పట్టి అమ్ముకోవాలని చూస్తాడు. వాడు కూడా అంతే. ఆ ఒక్కడు పోతే కథ సుఖాంతం. చరిత్రలోనైతే లోభం లెక్కల పుస్తకంలో మర్యాదగా కూర్చుని వుంటుంది. దూరాన ఇంట్లో వుండి లాభం పంచుకున్న ఎందరో పెద్దమనుషులు గోతులూ చూడలేదు, గోతులు తవ్విన చేతులూ చూడలేదు.

ఇక మూడవ ప్రశ్న. వచ్చిన తెల్లవాళ్ళంతా ఇలాంటివాళ్ళేనా? ఇదే గోదావరి మా వూరి నుంచి సాగిసాగి ధవళేశ్వరం చేరుతుంది. అక్కడ ఆర్థర్ కాటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1847 నుంచి 1852 దాకా శ్రమించి ఆనకట్ట కట్టించాడు. ఆయనా కంపెనీ కొలువులోనివాడే. ఆనకట్టవల్ల కంపెనీకి శిస్తు పెరిగిన మాట నిజమే. కాని రైతుల గాదెలలోనూ గింజలు పడ్డాయి. అందుకే గోదావరి జిల్లాలలో ఇప్పటికీ ఆయన విగ్రహాలకు పూలదండలు వేస్తారు. ఒంటి రంగు చూసి మంచిచెడ్డలు చెప్పడం ఎంత పొరపాటో తెలిసిందా?

ఇది చెప్పి నేను వూరుకోవచ్చును. కాని ఆ పిల్ల గవర్నరును చూసి నవ్వినప్పుడల్లా నాకు లోపల చురుక్కుమన్నది. ఎందుకో మీకు కూడా చెబుతాను.

నాకు అప్పుడు పదేళ్ళు. చెరుకు బండ్లు బారులు తీరి బోధను ఫ్యాక్టరీకి పోయే రోజులవి. ఆ ఫ్యాక్టరీ 2015 లో మూతపడింది. మా వూళ్ళో ఒక అవ్వకు చిన్న పసుపు మడి వుండేది. దాని గట్టున వేపచెట్టు. ఆ చెట్టు దగ్గర కాసుల బిందె పూడ్చి వున్నదని ఎవరో మా చెవిన వేశారు. కార్తీక మాసంలో ఒక వెన్నెల రాత్రి నేనూ, మరి ఇద్దరు మిత్రులూ పలుగు, పార పట్టుకుని పోయాము. చెట్టు చుట్టూ తవ్వాము. దొరకలేదు. మడిలోకి దిగాము. ఆశ పుట్టిన తరువాత చేతులు ఆగవు గదా! తెల్లవారేసరికి సగం మడి తిరగబడింది.

అవ్వ వచ్చింది. తిడుతుందనుకున్నాము. తిట్టలేదు.

"బంగారం దొరికిందా, బిడ్డా?" అన్నది.

"లేదవ్వా."

ఆమె వంగి, మేము విరగగొట్టిన లేత పసుపు కొమ్ము ఒకటి తీసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. "గిదేంది మరి?" అన్నది.

పసుపు తవ్వవలసినది మాఘ ఫాల్గుణాలలో. మూడు నెలలు ముందుగా పీకినది వుడకబెట్టడానికీ పనికిరాదు, అమ్మడానికీ పనికిరాదు. ఆ అవ్వ మనుమడు మా తరగతిలోనే, నా పక్కనే కూర్చునేవాడు. మరుసటి యేడు వాడికి పుస్తకాలు కొనలేదు. యేడాది పొడుగునా నా పుస్తకంలోనే ఇద్దరమూ చదువుకున్నాము. వాడు నన్ను ఒక్కమాట అనలేదు. ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు పసుపు వాసన వచ్చేది.

నాకు వూదారంగు కోటు లేదు, ఓడ లేదు, ఫిరంగి లేదు. చిరుగు లాగు తొడుక్కున్న మన వూరి పిల్లవాణ్ణే. అయినా ఆ రాత్రి నేను చేసినది ఆ గవర్నరు పనే. ఇదంతా విని నా మనుమరాలు నవ్వలేదు. "ఆ అవ్వ పేరు నీకు గుర్తున్నదా, తాతా?" అని అడిగింది. గుర్తున్నది. ఆమెకు చెప్పాను.

ఈ నెల మీకు ఒక పని. ఇంట్లో ఒక వస్తువు చేతిలోకి తీసుకోండి. ఉప్పు కావచ్చు, బెల్లం కావచ్చు, పసుపు కావచ్చు. దాన్ని తవ్వినవారో, పండించినవారో, మోసినవారో ఎవరని అమ్మానాన్నలను అడిగి, తెలిసినంత మట్టుకు ఒక కాగితం మీద రాయండి. ఒక్క పేరైనా తెలుసుకుని రాసినవారికి నూటికి నూరు మార్కులు!

ఇట్లు,
మీ మాస్టారు,
కందకుర్తి