పొగకు పొలిమేరలు

బండి పొగను ఎక్కడ పరీక్ష చెయ్యాలనేది సాంకేతిక నిపుణుల ప్రశ్న అనీ, మనబోటి సాహిత్య విద్యార్థులకు అందులో పని లేదనీ చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. ఏ ఊళ్లో పరీక్ష తప్పనిసరి, ఏ ఊళ్లో అక్కరలేదు అని ప్రభుత్వం ఒక జాబితా రాసినప్పుడు, అది ఎవరి ఊపిరికి పూచీ పడుతున్నదో, ఎవరి ఊపిరిని గాలికి వదిలేస్తున్నదో కూడా రాస్తున్నది. అది రాజకీయ పత్రం. దాన్ని చదవటం మన పని.

ఈ జాబితాలను కుదించటం కొన్నేళ్లుగా అమెరికాలో ఊపందుకున్నది. దానికి మెప్పు రెండు వైపుల నుంచీ వస్తున్నది. మార్కెట్టు భక్తులు "గాలి బాగుపడింది, ఇంకా ప్రభుత్వ జోక్యం దేనికి?" అంటారు. మన శిబిరంలోనే కొందరు మిత్రులు "ఈ పరీక్ష పాతబండి నడుపుకునే బీదవాడి మీద పన్ను, పోతే పోనీ" అంటారు. మొదటి వాదం అర్ధసత్యం. రెండో వాదం సానుభూతిలో పుట్టి దారి తప్పింది. రెంటినీ వరసగా విచారిద్దాం.

ముందు సంగతులు. అమెరికా స్వచ్ఛ వాయు చట్టానికి 1990లో చేసిన సవరణల ప్రకారం, ఓజోను పరిమితిని బాగా మించిపోయిన పెద్ద నగర ప్రాంతాల్లో వాహనాల పొగ పరీక్ష జరిపి తీరాలి. దేశమంతటా కాదు, ఆ ప్రాంతాల్లోనే. కౌంటీ, అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం, లెక్కన రాష్ట్రాలు జాబితా రాసుకుంటాయి. గాలి ప్రమాణానికి లోబడిందని తేలితే, పరీక్ష మానినా మళ్లీ చెడదని లెక్కలు చూపి, కేంద్ర పర్యావరణ సంస్థ ఆమోదంతో ఆ కౌంటీని జాబితాలోంచి తీసెయ్యవచ్చు. నార్త్ కరోలినా 2018 డిసెంబరులో 48 కౌంటీల జాబితాను 22కు తగ్గించింది. వాషింగ్టన్ రాష్ట్రం 2020 జనవరితో పరీక్షనే ఎత్తేసింది. టెనెసీ శాసనసభ 2018లో చట్టం చేసింది. 2021లో కేంద్ర సంస్థ ఆమోదించింది. 2022 జనవరిలో ఐదు కౌంటీల్లో పరీక్ష ముగిసింది. నాష్‌విల్ నగరమున్న డేవిడ్సన్ కౌంటీకి కొనసాగించుకునే వీలుండి కూడా, మరుసటి నెలలో అక్కడా ఆగిపోయింది.

ఎదురు ఉదాహరణ టెక్సాస్. ఆ రాష్ట్రం 2025 జనవరి నుంచి సొంత వాహనాల భద్రతా తనిఖీని రద్దు చేసింది గాని, 17 కౌంటీల్లో పొగ పరీక్షను ముట్టుకోలేకపోయింది. పైపెచ్చు శాన్ ఆంటోనియో నగరం ఓజోను కొలతలో దిగజారి 2022లో మరింత కఠినమైన తరగతిలో పడినందువల్ల, ఆ నగరమున్న బెక్సర్ కౌంటీని కూడా 2026లో జాబితాకు ఎక్కించవలసి వచ్చింది. జాబితాలో ఊళ్లు పెరగటం కూడా ఉన్నదని దీనివల్ల తేలుతున్నది. గాలి బాగుపడటం ఒకసారి జరిగి నిలిచిపోయే సంఘటన కాదు.

ఇక మొదటి వాదం. కొత్త బండ్లు పాతవాటికంటే శుభ్రమైనవి, గాలి మెరుగుపడటంలో సింహభాగం వాటిదే అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కాని కొత్తబండి ఎంతకాలం కొత్తది? పొగగొట్టంలో విషవాయువులను విరిచే పరికరం పాడైతే బండి ఆగిపోదు. హాయిగా నడుస్తూనే ఉంటుంది. పాడైనట్టు నడిపేవాడికి ఒక్కోసారి తెలియనే తెలియదు. రోడ్డు మీది పొగలో పెద్దవాటా ఇలా చెడిన కొద్దిపాటి బండ్లదే. వాటిని ఏరటానికే పరీక్ష. జ్వరం తగ్గిందని థర్మామీటరును బయట పారేసే వైద్యుణ్ణి మనం ఏమంటాం?

రెండో సంగతి, ప్రమాణానికి లోబడటమంటే ఏమిటి? కౌంటీలో ఎక్కడో ఒకటి రెండు చోట్ల పెట్టిన యంత్రాల కొలత పరిమితికి లోపల ఉండటం. పెద్ద రహదారి పక్కన కిటికీ తెరుచుకుని బతికే కుటుంబం పీల్చే గాలి ఆ కొలతలోకి రావచ్చు, రాకపోవచ్చు. పైగా ఓజోను పొగగొట్టంలోంచి నేరుగా రాదు. నైట్రోజన్ ఆక్సైడ్లూ, హైడ్రోకార్బన్లూ ఎండలో కలిసి గాలివాలుకు పోతూ పోతూ, మైళ్ల దూరంలో ఓజోనుగా మారతాయి. ఒక కౌంటీ బండి పొగ ఇంకొక కౌంటీ పిల్లవాడి దగ్గుగా తేలవచ్చు. మరి మొదటి కౌంటీ "మా యంత్రం బాగానే ఉన్నది, మాకు పరీక్ష అక్కరలేదు" అంటే ఆ దగ్గుకు ఎవరు జవాబుదారీ? పొలిమేర రాళ్లు శిస్తు వసూలుకు పాతినవి. గాలి వాటిని ఏనాడూ లెక్కచెయ్యలేదు.

భాష చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఒక మాట ముచ్చట ఇక్కడ చెప్పాలి. ఈ చట్టాల పరిభాషలో "ప్రమాణం అందుకున్న ప్రాంతం", "అందుకోని ప్రాంతం" అని రెండు పదబంధాలున్నాయి. వాక్యానికి కర్త ఎవరో చూడండి: ప్రాంతం. మనిషి ఎక్కడా లేడు. ప్రాంతం అందుకుంటుంది, ప్రాంతం తప్పుతుంది, ప్రాంతం జాబితాలోంచి బయటపడుతుంది. ఊపిరి తీసేది మాత్రం ప్రాంతం కాదు. వ్యాకరణంలోంచి మనిషిని తప్పించాక, లెక్కలోంచి తప్పించటం ఎంత సులువు!

గీత ఎక్కడ గీస్తారన్నది వర్గ ప్రశ్న ఎలా అవుతుందో చూడాలంటే, అదే టెనెసీలోని మెంఫిస్ సంగతి చూడాలి. అది నల్లజాతివారు అధిక సంఖ్యలో ఉన్న నగరం, బీదరికం ఎక్కువ. పొగ పరీక్ష అక్కడ చాలాకాలం నగరవాసులకు మాత్రమే ఉండేది. అదే షెల్బీ కౌంటీలో, నగర సరిహద్దు దాటిన శివారుల్లో కాపురముండేవారికి లేదు. శివారు పెద్దమనిషి ఉదయం పరీక్షలేని కారులో నగరంలోకి వచ్చి, పొగ వదిలి, జీతం తీసుకుని, సాయంత్రం చెట్లనీడకు వెళ్లిపోతాడు. పరీక్ష ముందు వరుసలో నిలబడేవాడు ఆ పొగ పీల్చినవాడు! "మేమొక్కళ్లమే ఎందుకు భరించాలి?" అని నగరవాసులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి న్యాయమైన జవాబు ఒక్కటే: కౌంటీ అంతటికీ పరీక్ష పెట్టటం. జరిగింది అది కాదు. నగర పాలకమండలి డబ్బు ఆపేసింది. ఆ బరువు తలకెత్తుకునేవారు లేకపోయారు. 2013 జూన్‌తో పరీక్ష ఎవరికీ లేకుండా పోయింది. అప్పటికి ఆ ప్రాంతం ఓజోను పరిమితి మీరినవాటి జాబితాలోనే ఉన్నది. పరీక్షను ఆపింది గాలి శుభ్రత కాదు. ఎవరు డబ్బు పెట్టాలనే తగాదా.

ఇప్పుడు మన మిత్రుల వాదం. పరీక్షలో తప్పేది ఎవరి బండి? పాతబండి. పాతబండి ఎవరిది? కొత్తది కొనలేనివాడిది. కాబట్టి పరీక్ష బీదవాడికి శిక్ష. ఇందులో మొదటి రెండు మాటలూ నిజం. మూడోది వాటినుంచి రాదు. టెనెసీలో పరీక్ష రుసుము తొమ్మిది డాలర్లు ఉండేది. బీదవాడి నడుము విరిచింది ఆ తొమ్మిది డాలర్లు కావు, తప్పిన తర్వాత చేయించవలసిన మరమ్మతు ఖర్చు. ఆ ఖర్చు ప్రభుత్వం భరించలేదా? కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి మరమ్మతుకు సాయమిచ్చే పథకం ఏళ్లతరబడి నడుస్తున్నది. బండిని తుక్కు చేస్తే దానికీ సొమ్మిస్తారు. దారి ఉన్నదన్నమాట. పరీక్ష రద్దు చేసిన శాసనసభలు బీదవాడి పేరు జపించాయే గాని, మరమ్మతుకు పైసా విదిల్చాయా? బండి అక్కరలేకుండా పనికి పోయే బస్సు వేశాయా? బీదవాడి జేబు మీద అంత జాలి ఉన్నవారు, అతని పిల్లవాడి ఉబ్బసం మందుల చీటీని కూడా ఒకసారి చూడవలసింది.

ఇంకొక సంగతి. తప్పు ఎప్పుడూ బండి నడిపేవాడిదే అన్నట్టు ఈ చర్చంతా సాగుతుంది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ కంపెనీ బండారం బయటపడ్డది. పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి, ఆ కాసేపు మాత్రం పొగ తగ్గించి చూపే కపట ఏర్పాటును డీజిల్ కార్లలో ఆ కంపెనీయే అమర్చింది. ప్రపంచమంతటా అలాంటి బండ్లు కోటీ పది లక్షలని కంపెనీయే ఒప్పుకున్నది. దీని గుట్టు పరీక్షా కేంద్రంలో తేలలేదు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు బండిని రోడ్డు మీద నడుపుతూ పొగను కొలిస్తే తేలింది. దీనివల్ల పరీక్ష దండగని తేలుతుందా? కాదు. పరీక్ష మొదట జరగవలసింది కంపెనీ గుమ్మంలో అనీ, తర్వాత జరగవలసింది రోడ్డు మీద అనీ తేలుతుంది. "ఎక్కడ పరీక్ష?" అన్న ప్రశ్నకు ఏ కౌంటీ జాబితాలోనూ లేని చిరునామా ఒకటున్నది. అది కర్మాగారం.

అమెరికా గొడవ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. మన దేశంలో 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం, రిజిస్టరై ఏడాది దాటిన ప్రతి పెట్రోలు, డీజిలు బండికీ పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఊరు, జిల్లా తేడా లేదు. కాగితం మీద మనం వాళ్లకంటే సమధర్మం పాటించేవాళ్లం. కాని బండి తయారీ ప్రమాణం దగ్గర మనవాళ్లూ గీతలు గీశారు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ రాజధాని ప్రాంతానికీ, హైదరాబాదుతో సహా 13 నగరాలకూ భారత్ నాలుగో దశ ప్రమాణం ఇచ్చారు. మిగతా దేశానికి మూడో దశతో సరిపెట్టారు. దేశమంతటికీ నాలుగోది వచ్చింది 2017 ఏప్రిల్‌లో. ఏడేళ్లు! డీజిల్లో గంధకం పదిలక్షల భాగాలకు నాలుగో దశలో 50, మూడో దశలో 350. అంటే మూడో దశ నడిచినన్నాళ్లూ హైదరాబాదు బంకులో పోసే డీజిలు కంటే నల్గొండ బంకులో పోసే డీజిల్లో ఏడు రెట్ల గంధకం చట్టసమ్మతం. నల్గొండవాడి ఊపిరితిత్తులు ఏడు రెట్లు గట్టివా? మజా ఏమిటంటే, బయట జిల్లాలో రిజిస్టరైన లారీ ఆ పొగతోనే నగరంలోకి వచ్చేది. పల్లెను వంచించిన గీత పట్టణాన్నీ కాపాడలేదు. 2017 మార్చి చివర్లో సుప్రీంకోర్టు అడ్డుపడితే గాని, కంపెనీలు ఎనిమిది లక్షలకు పైగా మూడో దశ బండ్లను మన నెత్తిన రుద్దే ప్రయత్నం మానలేదు.

ఇప్పుడు మరో జాబితా ఉన్నది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ప్రమాణం అందుకోని పట్టణాల పట్టిక. విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, కర్నూలు, హైదరాబాదు, నల్గొండ, పటాన్‌చెరు వగైరా అందులో ఉన్నాయి. ఈ పట్టణాలకు నిధులు రావలసిందే, నాకు అభ్యంతరం లేదు. కాని కొలత యంత్రమే పెట్టని ఊరు ఏ జాబితాలోకీ ఎక్కదు. కొలవనిచోట చెడు కనపడదు; కనపడనిచోట చెడు లేదంటారు. "పల్లెల్లో గాలి బాగానే ఉన్నది, పరీక్షలు పట్టణాలకు పరిమితం చేస్తే చాలు" అనేవారికి నా జవాబు ఇదే. ముందు కొలవండి, తర్వాత మాట్లాడండి.

ఇక అంతటా ఉన్న ఆ సర్టిఫికెట్ సంగతి. పెట్రోలు బండికి ప్రధానంగా కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిలు బండికి పొగ చిక్కదనం చూస్తారు. ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నని ధూళినీ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ ఈ పరీక్ష కొలవదు. పరిమితి దాటిన బండ్లకు కూడా లక్షకు పైగా సర్టిఫికెట్లు ఇచ్చేశారని ఢిల్లీ గూర్చి కాగ్ సమర్పించిన నివేదిక 2025లో శాసనసభ ముందుకు వచ్చింది. రాజధానిలోనే ఇలా ఉంటే, రహదారి పక్క డబ్బా కొట్లో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఇది పరీక్ష కాదు, చీటీల వ్యాపారం. దీన్ని చూపించి "పరీక్షే వద్దు" అనేవాడూ, దీన్నే చూపించి "మా దగ్గర పరీక్ష ఉంది" అనే అధికారీ ఒకే బండి రెండు చక్రాలు.

కాబట్టి అభ్యుదయవాదులు అడగవలసింది జాబితాను పొడిగించమనీ కాదు, కుదించమనీ కాదు. మనిషి ఉన్న ప్రతిచోటా గాలిని కొలవాలి. పరీక్ష అంతటా ఉండాలి; నిజంగా హాని చేసేవాటిని కొలిచేదై ఉండాలి. కంపెనీలు చెప్పే లెక్కలను ప్రభుత్వం రోడ్డు మీద సరిచూడాలి. తప్పితే బండ్లను కంపెనీ ఖర్చుతోనే వెనక్కి రప్పించాలి. ఆటో, చిన్న లారీ నడుపుకుని బతికేవాడి బండి తప్పితే జరిమానాకు ముందు మరమ్మతు సాయం అందాలి. అన్నిటికీ మించి బస్సులు పెరగాలి.

ఈ కోరికలను శ్రమజీవుల మీద బరువుగా చిత్రించే ప్రయత్నం జరుగుతుంది. అప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకుందాం. అద్దాలెత్తిన కారులో పోయేవాడు కాదు, ఈ పొగను అందరికంటే ఎక్కువ పీల్చేది. హ్యాండిల్ మీద రోజంతా వంగి ఉండే ఆటో డ్రైవరు, కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబు, విజయవాడ ఆటోనగర్లో ఇంజను కింద పడుకున్న మెకానిక్కు, రోడ్డు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు. వాళ్ల పేరు చెప్పి పరీక్ష ఎత్తెయ్యమనేవారిని, వాళ్ల ముందే నిలబెట్టి ఆ మాట అనమందాం. విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ రవాణా కార్మిక సంఘాలతో కలిసి ఈ ప్రశ్నను చేతికి తీసుకోవాలి. ఏ ఊరిని లెక్కలోంచి తీసేశారో, ఎందుకు తీసేశారో అడిగే హక్కు ఆ ఊళ్లో ఊపిరి తీసే ప్రతి మనిషికీ ఉన్నది.