కిటికీ తెరలు – పిల్లవాడి దగ్గు

"డాక్టరు గారూ! మాది తెనాలిలో రోడ్డు పక్కనే రెండు గదుల అద్దె ఇల్లు. మా బాబుకి ఆరేళ్ళు. రాత్రి పడుకున్నాక, మళ్ళీ తెల్లవారుజామున విపరీతంగా దగ్గుతాడు. ఒక్కోసారి పిల్లికూతలు కూడా వినిపిస్తాయి. రోడ్డు దుమ్ము రాకుండా కిటికీలకి మందపాటి వెల్వెట్ కర్టెన్లు వేయించమని పక్కింటివారు అంటున్నారు. చలిగాలి తగలకూడదు, అసలు కిటికీలే తెరవవద్దని మా అత్తగారు అంటున్నారు. దర్జీ చెప్పిన ధర వింటే భయం వేసింది. అంత ఖర్చు పెడితే బాబుకి దగ్గు తగ్గుతుందా?"
– ఒక సోదరి, తెనాలి

తగ్గదు సోదరీ! పైపెచ్చు పెరిగినా పెరగవచ్చు. కర్టెన్లు వద్దని నేను అనటం లేదు. రోడ్డు పక్క ఇంట్లో మరుగు కావాలి, ఎండ ఆగాలి. కాని మీ ఇంటికి కావలసింది ఖరీదైన తెర కాదు. సులువుగా విప్పి, ఉతికి, ఆ పూటే ఆరబెట్టి మళ్ళీ తగిలించగలిగిన తెర. అది మీ చేతులతోనే, కొద్ది ఖర్చుతో తయారవుతుంది.

ముందు బాబు సంగతి

రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు మాటిమాటికీ వస్తుంటే అది ఆస్తమా కావచ్చు. అవునో కాదో డాక్టరు పరీక్షించి చెప్పాలి. ఈ వారమే చూపించండి. ఇన్‌హేలర్ వాడమంటే భయపడకండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందనీ, అది ఆఖరి మందనీ చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మందు తిన్నగా ఊపిరితిత్తుల్లోకే వెళ్ళటం వల్ల తక్కువ మోతాదు సరిపోతుంది. కర్టెన్లు మార్చాం కదా అని మందు మానకూడదు. ఎప్పుడైనా పిల్లవాడు ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకండి. ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

తెర మడతల్లో ఏముంటుంది?

మందపాటి తెర వీధి దుమ్మును ఆపుతుందనుకుంటాం. నిజానికి అది దుమ్మును పట్టి దాచుకుంటుంది. తెర లాగినప్పుడల్లా ఆ దుమ్మే గదిలోకి రాలుతుంది. పైగా ఇంటి దుమ్ములో కంటికి కనబడని ధూళి పురుగులు ఉంటాయి. ఇవి సాలీడు, గోమారి జాతికి దగ్గరివి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టే వాటి తిండి. నీళ్ళు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. కోస్తా జిల్లాల ఉక్కపోత వాటికి ఎంతో అనుకూలం. చాలామందికి ఎలర్జీ కలిగించేది ముఖ్యంగా వాటి విసర్జన. ఇంటి దుమ్ము ఎలర్జీకి ఈ పురుగులే ముఖ్య కారణమని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అనే శాస్త్రజ్ఞులు, వారి సహచరులు చూపించారు.

అయితే ఒక మాట. ఈ పురుగులు ఎక్కువగా ఉండేది పరుపులో, దిండులో, దుప్పటిలో. కర్టెన్లది వాటి తరవాత స్థానం. కాబట్టి కర్టెన్లు ఉతికి దిండ్లను వదిలేస్తే ప్రయోజనం ఉండదు. దిండు గలీబులు, దుప్పట్లు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతకండి.

బట్ట ఎలా ఎంచుకోవాలి?

వెల్వెట్, బొచ్చు బట్ట, లోపల లైనింగు వేసినవి, కుచ్చులూ జాలర్లూ ఉన్నవి పిల్లవాడు పడుకునే గదికి వద్దు. నేత దగ్గరగా ఉన్న పల్చటి నూలు బట్ట మంచిది. లేత రంగు అయితే మురికి వెంటనే కనబడుతుంది, ఉతకాలని గుర్తు చేస్తుంది. ముదురు రంగు తెరల వెనక నీడలో దోమలు కూడా చేరతాయి. డెంగీ తెచ్చే దోమకి అటువంటి చోటంటే ఇష్టం. తెర దోమతెర కాదు. దోమలు ఆగాలంటే కిటికీకి మెష్ కొట్టించాలి.

అన్నిటికంటే చవక మార్గం పాత నూలు చీర. అయిదున్నర మీటర్ల చీరలో కిటికీ తెరకి సరిపడే ముక్కలు మూడు వస్తాయి. ఎన్నోసార్లు ఉతికిన బట్ట గనక ఇక పొట్టి కాదు. రెండు పక్కలా అంచు ఉంటుంది గనక పక్కలు మడిచి కుట్టే పని కూడా లేదు. కట్టి కట్టి చిరుగుపట్టిన చోటు వదిలి కత్తిరించుకోండి.

ఎంత బట్ట కావాలి?

మీ కిటికీ నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు అనుకుందాం. కడ్డీ కిటికీకి నాలుగు అంగుళాల పైన ఉండాలి. తెర కిటికీ అడుగు దాటి నాలుగు అంగుళాలు కిందికి రావాలి. అంటే 56 అంగుళాలు. పైమడతకి 3, అడుగు మడతకి 4 కలిపితే 63 అంగుళాలు. కొత్త నూలు బట్ట ఉతికితే కొంచెం పొట్టి అవుతుంది గనక మరో మూడు అంగుళాలు కలపండి. రెండు ముక్కలకి దాదాపు మూడున్నర మీటర్లు పడుతుంది.

వెడల్పు కిటికీకి రెట్టింపు ఉండాలని దుకాణదారు అంటాడు. ఒకటిన్నర రెట్లు చాలు. మడతలు తగ్గితే దుమ్మూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. 36 అంగుళాల పన్నా బట్ట రెండు ముక్కలతో మీ కిటికీ నిండుతుంది. ఒక జత ఖరీదైన తెరల కంటే రెండు జతల చవక తెరలు మేలు. ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి కిటికీకి ఉంటుంది.

కుట్టడం

కొత్త బట్టని కత్తిరించక ముందే నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. పొట్టి కావలసినంత అప్పుడే అవుతుంది. మిల్లు గంజీ, ముక్కుకి పడని రసాయనాల వాసనా చాలావరకు పోతాయి.

పైన అర అంగుళం లోపలికి మడిచి, మళ్ళీ రెండున్నర అంగుళాలు మడిచి, కడ్డీ దూరేలా గొట్టంలాగా కుట్టండి. కొక్కేలూ రింగులూ అక్కరలేదు. అడుగు మడత వెంటనే కుట్టకండి. టాకాలు వేసి, తెరని ఒక రోజు వేలాడనివ్వండి. బరువుకి బట్ట సాగుతుంది. మర్నాడు నేల నుంచి రెండు చివరలా, మధ్యలో కొలిచి, ఎక్కువ తక్కువలు సరిచేసి కుట్టండి. ముందు అర అంగుళం, తరవాత మూడున్నర అంగుళాలు, ఇలా రెండు మడతలు వేస్తే పోగులు ఊడవు. మిషను లేకపోతే చేత్తో హెమ్మింగు చేయవచ్చు. పైబట్టలో ఒకటి రెండు పోగులే సూదికి అందుకుంటే కుట్టు బయటికి కనబడదు.

ఈ పని పగటి వెలుతురులో చేయండి. నలభై దాటినవారికి సూదిలో దారం ఎక్కించటం కష్టమైతే అది చత్వారం. కళ్ళజోడుతో సరిపోతుంది. గుండుసూదులు లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి డబ్బాలో వేయండి. నేలమీద మిగిలిన సూది పిల్లల కాళ్ళకే గుచ్చుకుంటుంది.

తగిలించడం

కడ్డీ కిటికీకి రెండు పక్కలా ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. అప్పుడు తెరని పూర్తిగా పక్కకి జరిపి గాలి రానివ్వవచ్చు. తగిలించేటప్పుడు ప్లాస్టిక్ కుర్చీ ఎక్కకండి. గట్టి బల్ల వేసుకుని, పక్కన ఒకరిని పట్టుకోమనండి. ముందు ఫ్యాను ఆపండి.

గుమ్మం తెర నేలకి మూడు అంగుళాల పైనే ఆగాలి. నేలను ఊడ్చే తెర కాలికి చుట్టుకుని వృద్ధులు పడిపోతారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్ళీ మామూలుగా నడవటం కష్టం. తెరలు కట్టే తాళ్ళు, నాడాలు పొడవుగా వేలాడనివ్వకండి. ఆటలో అవి పసివాళ్ళ మెడకి బిగుసుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఉయ్యాలా, మంచమూ కిటికీ తెరకి దూరంగా వేయండి.

వంటగదిలో పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర, దోమల చుట్ట వెలిగించేచోట ఏ తెరా వద్దు. నూలు తొందరగా అంటుకుని మండుతుంది. నైలాను, పాలియెస్టరు కరిగి ఒంటికి అంటుకుంటాయి. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలు పారే చన్నీటి కింద పెట్టండి. చర్మానికి అతుక్కున్న బట్టని లాగకండి. సిరా, టూత్‌పేస్టు, కాఫీపొడి ఏవీ పూయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

ఉతకడం

మీది రోడ్డు పక్క ఇల్లు గనక పదిహేను రోజులకొకసారి ఉతకండి. విప్పేటప్పుడు బాబు ఆ గదిలో ఉండకూడదు. మీరు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. గదిలో దులపకుండా తిన్నగా బకెట్లో వేయండి. ధూళి పురుగులు చావాలంటే నీళ్ళు 60 డిగ్రీల వేడిలో ఉండాలి. థర్మామీటరు అక్కరలేదు. మరిగే నీళ్ళూ మామూలు నీళ్ళూ సగం సగం కలిపితే దాదాపు ఆ వేడి వస్తుంది. పిల్లలు దరిదాపుల్లో లేకుండా చూసి, బకెట్టు మీద మూత పెట్టి, తెరల్ని అరగంట నాననివ్వండి. రంగుపోయే బట్టయితే చన్నీళ్ళలోనే ఉతకండి. పురుగులు అన్నీ చావకపోయినా ఎలర్జీ కలిగించే పదార్థం చాలావరకు కొట్టుకుపోతుంది. మంచి ఎండలో ఆరేయండి. వానాకాలంలో తడి పూర్తిగా ఆరకుండా తగిలిస్తే బూజు పడుతుంది. అది కూడా ఆయాసం తెస్తుంది.

మీ అత్తగారి మాట

ఆవిడ భయం మనవడి మీద ప్రేమకొద్దీ కలిగిందే. రోడ్డు మీద దుమ్మూ పొగా ఎక్కువగా లేచే వేళ కిటికీ మూయటం సబబే. కాని రోజంతా మూసి ఉంచితే గదిలో తేమ, వంట పొగ, ఊదొత్తుల పొగ, ఇంట్లోవారి దగ్గుతో వచ్చే క్రిములు అక్కడే తిరుగుతాయి. వాహనాలు తక్కువగా ఉండే వేళ, వీలైతే రోడ్డుకి ఎదురు పక్క కిటికీలు, తలుపులు బార్లా తెరిచి గాలి ఆడనివ్వండి. బాబు మంచాన్ని గాలి తిన్నగా తగలనిచోట వేస్తే ఆవిడ మాటా నిలుస్తుంది, గదికి గాలీ వస్తుంది.

వెల్వెట్‌కి ఖర్చు పెట్టదలచిన డబ్బులో ముందు బాబు వైద్యానికి తీసి పక్కన పెట్టండి. తరవాత దిండ్లకి గలీబులు కొనండి. మిగిలినదాంతో మూడున్నర మీటర్ల నూలు బట్ట తీసుకోండి. లేదా పెట్టెలోంచి ఒక పాత చీర తీయండి.