ఓడ దిగి ఊరు చూచుట

కరిబియను సముద్రయాత్రలో ఓడ బార్బడోసు ద్వీపమున ఆగినపుడు, మేము ఓడవారి విహారమునకు సొమ్ము కట్టక స్వయముగా బయలుదేరితిమి. రేవునుండి బ్రిడ్జిటౌను ఇంచుమించు మైలు దూరమే, నడచితిమి. 2011లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిన ఆ పట్టణమును తీరికగా జూచి, దక్షిణతీరమునకు బస్సెక్కితిమి. ఎంత దూరమైనను చార్జి 3.50 బార్బడోసు డాలర్లే. అవి రెండైన అమెరికా డాలరొకటి.

అయితే ఒక భయము కలదు. ఓడవారు కుదిర్చిన బండి ఆలస్యమైనచో ఓడ దానికొరకు నిలుచును, మనకొరకు నిలువదు. తరువాతి రేవు చేరు ఖర్చంతయు మనదే. ఓడ గడియారమును ఊరి గడియారమును ఒక్కొక్కచో వేరుగా నుండును, దిగునప్పుడే సరిచూచుకొనవలెను. దూరపు తావులకైనచో ఓడవారితో బోవుటయే మేలని మా అభిప్రాయము.

మేము రెండు గంటలు ముందుగనే మరలితిమి. తోడివారు నవ్విరి. నవ్వనిండు! సాయంకాలము మెట్లు తీసివేసిన పిమ్మట, రేవుమీద దంపతులిద్దరు సంచులతో పరుగెత్తి వచ్చుట పైనుండి చూచితిమి.