తుపాకీ చేతులు మారితే విచారణ ఎవరి మీద?

తుపాకీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయేటప్పుడు తీసుకునేవాడి పూర్వాపరాలు విచారించాలా, వద్దా? ఈ వాదం అమెరికాలో ఏళ్ళ తరబడి నడుస్తున్నది. అక్కడ 1993 నాటి బ్రేడీ చట్టం లైసెన్సున్న దుకాణాల అమ్మకాలకే విచారణ పెట్టింది. ఇంట్లో ఉన్న తుపాకీని తెలిసినవాడికి అమ్ముకుంటే అడిగే నాథుడు లేడు. ఆ సందు మూయాలని 2014లో వాషింగ్టన్ రాష్ట్ర ప్రజలు ఓటు వేశారు. తుపాకీ యజమానుల సంఘాలు మాత్రం ఇది మా హక్కుకు దెబ్బ అని వ్యతిరేకించాయి.

అది వాళ్ళ గొడవ, మేడ్చల్ మక్క చేలల్లో కావలి ఉండే కూలీకి, శామీర్‌పేట చెరువు కింద నాట్లు వేసే ఆడకూతురికి దీంతో పనేమిటని అడగవచ్చు. పని ఉన్నది. మన దగ్గర విచారణ చట్టంలో ఎప్పటినుంచో ఉంది. అది ఎవరి మీద గట్టిగా పడుతోంది, ఎవరిని చూసీ చూడనట్టు వదిలేస్తోంది అన్నదే మన ప్రశ్న.

చట్టం ఏం చెబుతోంది?

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు ఉండాలి. దరఖాస్తు రాగానే పోలీసుస్టేషను నుంచి నివేదిక తెప్పించాలి. కమిషనరేట్ పరిధిలో పోలీసు కమిషనరు, మిగిలిన చోట్ల జిల్లా మేజిస్ట్రేటు లైసెన్సు ఇస్తారు. సొంత తుపాకీని అమ్మదలచినవాడు కొనేవాడి పేరు, చిరునామా రాసి మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసుస్టేషనుకో తెలపాలి. అలా తెలిపాక 45 రోజులు గడవాలి. కొనేవాడికీ లైసెన్సు ఉండాలి. అమెరికాలో ఇప్పటికీ కొట్లాడుతున్న సంగతి మన దగ్గర 60 ఏళ్ళకు పైగా కాగితం మీద ఉంది.

అయితే అదే చట్టంలో ఒక సందు కూడా ఉంది. పోలీసు నివేదిక గడువులోగా రాకపోతే, దాని కోసం ఆగకుండానే అధికారి నిర్ణయం చెయ్యవచ్చు. పలుకుబడి ఉన్నవాడికి ఇట్లాంటి సందు దర్వాజా అవుతుందని వేరే చెప్పాలా?

ఇంకొక మాట మన కూలి జనం తప్పక తెలుసుకోవాలి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షను చెబుతోంది. పంట కాపుదలకు మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని 13వ సెక్షను చెబుతోంది. చదవటానికి బాగానే ఉంటుంది. కానీ ఆఫీసుల చుట్టూ తిరగటానికి రోజు కూలి పోగొట్టుకోలేనివాడికి ఈ సెక్షన్లు ఏ మేరకు అక్కరకొస్తాయి?

గడి నుంచి విల్లా దాకా

తుపాకీ మన దేశంలో మొదటినుంచీ మనిషి అంతస్తును బట్టి నడిచింది. 1878లో లిట్టన్ దొర తెచ్చిన చట్టం భారతీయులకు లైసెన్సు పెట్టి యూరోపియన్లను మినహాయించింది. నైజాం తెలంగాణలో తుపాకీ గడిలో ఉండేది, గుత్ప, వడిసెల కూలివాడి చేతిలో ఉండేవి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపి దొడ్డి కొమురయ్యను చంపారు. ఆ రోజు ఆ తుపాకీల పూర్వాపరాలు విచారించిన అధికారి లేడు.

గడి పోయింది, వారసత్వం పోలేదు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సుదారు చనిపోయినా, 70 ఏళ్ళు నిండినా, తుపాకీ 25 ఏళ్ళు ఉంచుకున్నా దాన్ని వారసుడి పేరు మీదికి మార్పించుకోవచ్చు. వారసుడికీ విచారణ ఉంటుంది, నిజమే. కానీ మొదట ఎవరింట తుపాకీ ఉందో వాళ్ళ ఇంటే అది తరతరాలు ఉండటానికి బాట పడింది. కర్ణాటకలో కొడవ జాతివారికి, జమ్మా భూములున్నవారికి లైసెన్సు మినహాయింపును 2029 దాకా పొడిగించారు. పుట్టుక, భూమి చూసి మినహాయింపు ఇచ్చే పద్ధతి ఇంకా బతికే ఉందన్నమాట.

2019లో కేంద్రం చట్టాన్ని సవరించింది. ఒకరికి ఒకే తుపాకీ అని మొదట బిల్లు పెట్టింది. అభ్యంతరాలు రాగానే రెండుకు దిగింది. అంతకుముందు మూడు ఉండేవి. లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచింది. ఇది లైసెన్సున్నవాడికి దొరికిన వెసులుబాటు. లైసెన్సు లేని తుపాకీ దొరికితే మాత్రం కనీస శిక్ష ఏడాది నుంచి రెండేళ్ళకు, గరిష్ఠం మూడు నుంచి ఐదేళ్ళకు పెరిగింది. తాత నాటి తుప్పు పట్టిన నాటు తుపాకీ గుడిసె చూరులో దొరికిన పేదవాడికీ ఇదే సెక్షను.

భూముల ధరలు, తుపాకీ చప్పుళ్ళు

ఔటర్ రింగురోడ్డు వచ్చాక ద్రాక్ష తోటల మేడ్చల్ వెంచర్ల మేడ్చల్ అయింది. శామీర్‌పేట చుట్టూ రిసార్టులు, విల్లాలు లేచాయి. భూమి ధర పెరిగిన చోట తగాదా పెరుగుతుంది, తగాదా పెరిగిన చోట ‘ప్రాణభయం’ పేరిట తుపాకీ కోరిక పెరుగుతుంది. 2023 జూలైలో శామీర్‌పేటలో ఒక విల్లాలో కాల్పులు జరిగాయి. అది ఎయిర్ గన్ అని తేలింది. తక్కువ శక్తి గల ఎయిర్ గన్‌కు లైసెన్సే అక్కరలేదు. 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో భూతగాదాలో ఇద్దరు రియల్టర్లను కాల్చి చంపారు. ఆ తుపాకులు అక్రమంగా తెచ్చినవి. ఈ రెండు ఘటనల్లోనూ 45 రోజుల నోటీసుకు తావే లేదు. అంటే లైసెన్సు తుపాకీ చేతులు మారేటప్పటి విచారణ అవసరమే గాని, దానితోనే పని అయిపోదు.

వేటగాడు వేరు, కావలివాడు వేరు

విచారణ బిగిస్తే వేటగాళ్ళకు కష్టమని కొందరు అంటారు. సరదా వేటకు మన చట్టంలో చోటు లేదు. 1972 వన్యప్రాణి చట్టం దాన్ని అడ్డుకుంది, 1991 సవరణ మిగిలిన వేట లైసెన్సులనూ తీసేసింది. కాబట్టి సరదా వేటగాడి బాధ మన బాధ కాదు.

చేను కాసేవాడి బాధ మనది. అడవి పందిని 2022 సవరణ రెండో షెడ్యూలులో చేర్చింది. పంట నాశనం చేస్తుంటే అధికారి రాతపూర్వక అనుమతితోనే చంపాలి. అనుమతి వచ్చేలోగా మందపడి మక్క చేను తొక్కిపోతుంది. దాంతో చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. ఆ తీగకు పంది చావచ్చు, చావకపోవచ్చు. తెల్లవారుజామున నీళ్ళు పెట్టపోయిన కూలీ మాత్రం చస్తున్నాడు. తీగ కట్టిన కౌలురైతు జైలుకు పోతాడు. పట్టా ఉన్న ఆసామి పట్నంలో ఉంటాడు.

మనం ఏమడగాలి?

ఇంటికో తుపాకీ కావాలని మేము అనటం లేదు. తుపాకీలు పెరిగితే మొదట చచ్చేది కూలివాడే. విచారణ ఉండాలి, అది అందరి మీదా ఒకే తీరుగా ఉండాలి.

ఒకటి: పోలీసు నివేదిక లేకుండా ఏ లైసెన్సూ ఇవ్వరాదు, ఏ తుపాకీ చేతులు మారరాదు. వారసుడైనా సరే. అడిగేవాడి మీద భూతగాదాలు, దళితులపై దౌర్జన్యం కేసులు ఉన్నాయా అన్నది ఆ నివేదికలో తప్పక రావాలి.

రెండు: మండలంలో ఎన్ని లైసెన్సులున్నాయి, అందులో ఆత్మరక్షణకు ఎన్ని, పంట కాపుదలకు ఎన్ని అన్న లెక్క ఏటేటా బయట పెట్టాలి.

మూడు: పాత నాటు తుపాకులను కేసు లేకుండా అప్పగించేందుకు పేదలకు గడువు ఇవ్వాలి.

నాలుగు: పందుల బెడదకు సర్కారే బాధ్యత పడాలి. అనుమతికి రోజుల గడువు పెట్టాలి. ప్రాణం తియ్యని సోలార్ కంచెకు, పంట నష్టానికి సొమ్ము ఇవ్వాలి. ఆ సొమ్ము పట్టా చూసి కాదు, దున్నేవాణ్ణి చూసి ఇవ్వాలి.

వ్యవసాయ కార్మిక సంఘాల కార్యకర్తలు ఊరూరా ఈ లెక్క తీయాలి. మన ఊళ్ళో తుపాకీ ఎవరింట ఉంది, కరెంటు తీగ ఎవరి చేను చుట్టూ ఉంది, ఆ తీగకు ఎవరు పోయారు? ఈ మూడూ ఒకే కాగితం మీద రాసి ఎమ్మార్వో ముందు పెడితే, విచారణ ఎవరి మీద జరగాలో మళ్ళీ అడగాల్సిన పని ఉండదు.